తలకు తగిలిన దెబ్బ, తెర మీద థెరపీ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

తలకు పెద్ద దెబ్బ తగిలి, ప్రాణం దక్కి, ఇంటికి వచ్చిన పిల్లల గురించి ఈ శీర్షికకు కొంతకాలంగా ఉత్తరాలు వస్తున్నాయి. వాటిలో ఎక్కువ భాగం నల్లగొండ, పాలమూరు ప్రాంతాల నుంచే కావడం, దాదాపు అన్నింటిలోనూ వీడియో ద్వారా ఇచ్చే థెరపీ ప్రస్తావన ఉండడం వల్ల ఈసారి ఆ ఉత్తరాలకే చోటు కేటాయించాను. రాసినవారి పేర్లు తీసేసి ఊరు మాత్రం ఉంచాను.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మా పెద్దబ్బాయికి పదిహేనేళ్లు. ఎనిమిది నెలల కింద వాళ్ల బాబాయి మోటార్‌సైకిల్ వెనక కూర్చుని వస్తుంటే హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద ప్రమాదం జరిగింది. హెల్మెట్ లేదు. ఆరు రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాడు, ఆపరేషన్ చేశారు. ఇప్పుడు నడుస్తాడు, తింటాడు, మాట్లాడతాడు. చూసినవాళ్లందరూ బాగయ్యాడనే అంటున్నారు. కానీ మా ఇంట్లోకి వేరే పిల్లవాడు వచ్చినట్టుంది. చిన్న మాటకే కంచం విసిరికొడతాడు, చెప్పిన పని మరిచిపోతాడు, తమ్ముణ్ణి కొడతాడు. వారానికోసారి హైదరాబాద్ రమ్మంటే మా ఇద్దరి కూలీ పోతుందని చెప్పాం. అయితే ఫోన్‌లోనే వీడియోలో థెరపీ ఇస్తామన్నారు. ఫోన్‌లో మాట్లాడితే మెదడు బాగవుతుందా?
— ఒక తండ్రి, నకిరేకల్ దగ్గరి పల్లె

జవాబు: ఫోన్‌లో మాట్లాడినంత మాత్రాన దెబ్బతిన్న మెదడు కణజాలం తిరిగి అతుక్కోదు. ఆ మాటకొస్తే ఆస్పత్రి గదిలో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడినా అతుక్కోదు. ఈ రకం థెరపీ గాయాన్ని మాన్పడానికి ఉద్దేశించింది కాదు. గాయం తరువాత రోజు ఎలా గడుపుకోవాలో పిల్లవాడికీ, అతనితో ఎలా మెలగాలో ఇంట్లోవాళ్లకూ నేర్పడమే దాని పని. ఆ పనికి ఫోన్ సరిపోతుందా అని అడిగితే, చాలా కుటుంబాలకు సరిపోతుందనే చెబుతాను. అయితే కొన్ని షరతులున్నాయి.

ముందుగా మీ అబ్బాయిలో ఏం జరుగుతున్నదో తెలియాలి. వేగంగా వెళ్లే వాహనం మీది నుంచి పడినప్పుడు మెదడు పుర్రె లోపల కుదుపుకు లోనై, నుదుటి వెనక భాగమూ కణతల వైపు భాగమూ ఎక్కువగా దెబ్బతింటాయి. కోపాన్ని ఆపుకోవడం, ఒక పని తరువాత మరొక పనిని వరుసగా గుర్తుపెట్టుకోవడం, ఎదుటివారి ముఖం చూసి మాటను అదుపు చేసుకోవడం నుదుటి వెనక భాగం చూసుకునే పనులు. చెరువులో ఎన్ని నీళ్లున్నా తూము సరిగ్గా ఉంటే పొలానికి కావలసినన్నే వస్తాయి కదా. మీ అబ్బాయికి కోపం కొత్తగా పుట్టలేదు, తూము దెబ్బతిన్నది. పైగా ఆ భాగం ఇరవయ్యేళ్లు దాటి మరి కొన్నేళ్ల వరకూ పక్వానికి వస్తూనే ఉంటుంది కాబట్టి, పదిహేనేళ్ల పిల్లవాడిలో ఇంకా కట్టుబడి పూర్తికాని తూముకే దెబ్బ తగిలిందన్నమాట. అందుకే కొందరు పిల్లల్లో ఇబ్బంది ఆస్పత్రిలో కనిపించక, పదో తరగతి, ఇంటర్ వంటి చోట్ల సొంతంగా ఆలోచించి పని చక్కబెట్టుకోవలసి వచ్చినప్పుడు బయటపడుతుంది. ‘కావాలనే చేస్తున్నాడు’ అన్న మాటను ఇంట్లో ఎవరు అన్నా, మీరు ఆపవలసిన మొదటి మాట అదే.

మీకు చెప్పిన వీడియో పద్ధతికి మంచి నమూనా ఒకటి అమెరికాలోని సిన్సినాటి పిల్లల ఆస్పత్రిలో షారి వేడ్ అనే మనస్తత్వ నిపుణురాలి బృందం తయారుచేసింది. దాని పేరు ‘టీన్ ఆన్‌లైన్ ప్రాబ్లమ్ సాల్వింగ్’. పొట్టిగా ‘టాప్స్’ అంటారు. కుటుంబమంతా కలిసి ఇంట్లో ఒక పాఠం చూసుకుంటారు. ఆ తరువాత థెరపిస్టు వీడియోలోకి వచ్చి, ఆ వారం ఆ ఇంట్లో నిజంగా జరిగిన గొడవనే తీసుకుని ఆ పాఠాన్ని దానికి అన్వయిస్తారు. సుమారు 6 నెలల్లో 10 ముఖ్యమైన సెషన్లు ఉంటాయి. నేర్పేది అయిదు మెట్ల పద్ధతి: ఏం కావాలో తేల్చుకోవడం, తోచిన దారులన్నీ పోగుచేయడం, ఒకటి ఎంచుకోవడం, చేసి చూడడం, ఎలా జరిగిందో మళ్లీ కూర్చుని మాట్లాడుకోవడం. ఈ బృందమే 12 నుంచి 17 ఏళ్ల పిల్లలతో ఇలాంటి ఆన్‌లైన్ కార్యక్రమాన్ని పరీక్షించినప్పుడు, ప్రవర్తనలో మార్పు కాస్త పెద్ద వయసు పిల్లల్లో కనిపించింది కానీ చిన్నవాళ్లలో అంతగా కనిపించలేదు. అందరికీ పనిచేసే మంత్రమని ఎవరైనా చెబితే నమ్మవద్దని ఈ సంగతి చెబుతున్నాను. మీ అబ్బాయి వయసు మాత్రం దీనికి అనువైనదే.

సెషన్‌లో ఏం జరుగుతుందో థెరపిస్టుగా నేను చూసిన ఒక ఇంటి నుంచి చెబుతాను. దేవరకొండ వైపు తండాలో ఒక కుర్రాడు నాయనమ్మ దగ్గర ఉంటాడు. తల్లిదండ్రులు భివండీలో పని చేస్తారు. నాయనమ్మ ఫోన్‌ను బియ్యం డబ్బా మీద నీళ్ల చెంబుకు ఆనించి నిలబెట్టేది. తండ్రి అక్కడి గది నుంచి అదే కాల్‌లో కలిసేవాడు. ఆ వారం గొడవ బడి సంచి గురించి: రోజూ ఏదో ఒక పుస్తకం మరిచిపోతున్నాడు, సారు నిలబెడుతున్నాడు, పిల్లవాడు మధ్యాహ్నమే ఇంటికి వచ్చేస్తున్నాడు. ‘రాత్రే సర్దుకోవచ్చు కదరా’ అని తండ్రి గట్టిగా అనగానే కుర్రాడు లేచి వెళ్లిపోబోయాడు. నేను తండ్రిని ఆగమని చెప్పి, తోచిన ఉపాయాలన్నీ, పనికిమాలినవైనా సరే, చెప్పమని అడిగాను. ‘అన్ని పుస్తకాలు రోజూ మోసుకపోత’ అన్నాడు కుర్రాడు. ‘నేనే సర్దిపెడత’ అన్నది నాయనమ్మ. చివరికి వాళ్లు ఎంచుకున్నది తలుపు వెనక సుద్దముక్కతో రేపటి పీరియడ్లు రాసుకోవడం, రాత్రి ఎనిమిదింటికి తండ్రి ఫోన్ చేసి ఆ జాబితా చదివించడం. రెండు వారాల తరువాత చూస్తే సుద్దరాత సగం రోజులే సాగింది, తండ్రి ఫోన్ మాత్రం ఒక్కరోజు కూడా తప్పలేదు. అందుచేత సుద్దముక్క వదిలేసి ఫోన్‌నే ఉంచుకున్నాం. ఆస్పత్రి గదిలో ఈ పని చేయవలసి ఉంటే ఆ తండ్రి లేకుండానే జరిగేది. వలస ఎక్కువగా ఉన్న మన జిల్లాలకు వీడియో థెరపీ ఇచ్చే అసలైన మేలు బస్సు చార్జీ మిగలడం కన్నా ఇదేనని నా అభిప్రాయం.

ఇక మీకు షరతులు. మొదటి ఒకటి రెండు సార్లు మీరు నేరుగా వెళ్లి థెరపిస్టును కలవండి. నడక, చూపు, మాట, జ్ఞాపకశక్తి పరీక్షించడం తెర మీద కష్టం. మెదడు గాయం ఉన్న పిల్లలు త్వరగా అలసిపోతారు కాబట్టి గంట సెషన్ వద్దు, అరగంటకో ముప్పావుగంటకో ఒప్పుకోండి. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్ ఉన్న ఇంట్లో రాత్రికి డేటా మిగలదు. అందుకని పొద్దున్నే పెట్టుకోండి. మరొక సంగతి: ఫిట్స్ రాకుండా ఇచ్చే మందుల్లో లెవెటిరాసెటమ్ అనేది కొందరిలో చిరాకునూ కోపాన్నీ పెంచుతుంది. మీ అబ్బాయి చీటీలో ఆ పేరు ఉంటే న్యూరాలజిస్టుకు ఈ కోపం గురించి తప్పకుండా చెప్పండి. మీ అంతట మీరు మాత్రం ఒక్క మాత్ర కూడా ఆపవద్దు, ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ వచ్చే ప్రమాదముంది. పెరుగుతున్న తలనొప్పితో వాంతులు, మగత, ఒకవైపు చేయి కాలు బలహీనపడడం, ముక్కు నుంచో చెవి నుంచో నీరు కారడం, ఫిట్స్ కనిపిస్తే వీడియో సెషన్ కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: నేను జిల్లా స్థాయి ప్రభుత్వ ఆస్పత్రిలో వైద్యుడిని. మా దగ్గర వీడియో సంప్రదింపులకు కంప్యూటర్, కెమెరా, ఇంటర్నెట్ అన్నీ ఉన్నాయి. ఒక క్లినికల్ సైకాలజిస్టు కూడా ఉన్నారు. తలగాయం అయిన పిల్లల కోసం మీరు చెబుతున్న కార్యక్రమం లాంటిది మొదలుపెడదామని రెండుసార్లు ప్రయత్నించాం. మొదటిసారి నలుగురు పిల్లలు చేరి ఇద్దరు మిగిలారు. రెండోసారి ఎవరూ చేరలేదు. లోపం ఎక్కడుంది?
— వైద్యాధికారి, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: మీ ఉత్తరంలోనే సగం జవాబు ఉంది. కంప్యూటర్, కెమెరా, ఇంటర్నెట్, సైకాలజిస్టు అని వరుసగా రాశారు కానీ, ఆ సైకాలజిస్టుకు వారంలో ఏ రోజు ఏ గంటలు ఈ పనికి కేటాయించారో రాయలేదు. నేను కొంతకాలం పనిచేసిన ఒక ఆస్పత్రిలో కూడా ఇదే జరిగింది. పరికరాలు వచ్చిన రోజున ఫొటో దిగాం. తరువాత ఓపీ చూసి, సర్టిఫికెట్ల పరీక్షలు చేసి, కోర్టు కేసుల నివేదికలు రాసి, ఖాళీ దొరికితే వీడియో థెరపీ అనుకున్నాం. ఖాళీ దొరకలేదు. పోనుపోను కెమెరాకు గుడ్డ కప్పాం. అప్పటి నుంచీ నాకు బాగా తెలిసిన విషయమేమిటంటే, ఇటువంటి కార్యక్రమం పరికరాల కొరతతో ఆగదు, డ్యూటీ పట్టికలో దాని పేరు లేకపోవడం వల్ల ఆగుతుంది. గురువారం మధ్యాహ్నం రెండు నుంచి అయిదు వరకు ఆ గది తలుపు మీద ‘థెరపీ’ అని రాసి ఉండాలి, ఆ సమయంలో ఆమెను మరే పనికీ పిలవకూడదు. ముప్పావుగంట సెషన్‌కు వెనకాల మరో అరగంట పని ఉంటుందని కూడా లెక్క వేసుకోండి: ముందురోజు గుర్తు చేసే ఫోన్, రాని కుటుంబానికి మళ్లీ ఫోన్, రెండు పంక్తుల నోట్స్.

రెండో విషయం, పిల్లలు ఎక్కడి నుంచి వస్తారన్నది. మీరు బోర్డు పెట్టి ఎదురుచూశారని ఊహిస్తున్నాను. తలకు ఆపరేషన్ అయిన పిల్లల్లో చాలామంది ఆరోగ్యశ్రీ కిందే వైద్యం పొందుతారు, ఆ ఆస్పత్రుల్లో రోగులకు సాయపడే ఆరోగ్యమిత్ర ఉంటారు. డిశ్చార్జ్ రోజున తల్లిదండ్రుల ఫోన్ నంబరు, ఊరు, మండలం రాసుకుని మీకు పంపే ఏర్పాటు చేసుకుంటే సగం పని అయిపోతుంది. అయితే డిశ్చార్జ్ రోజున తల్లిదండ్రులకు మీరేం చెప్పినా ఎక్కదు. వాళ్ల మనసు బతికి బయటపడ్డాడన్న సంతోషం మీదే ఉంటుంది. అప్పుడు ఫోన్ నంబరు మాత్రం తీసుకోండి, థెరపీ గురించి నెలా రెండు నెలల తరువాత అడగండి. బడికి వెళ్లడం మొదలయ్యాక, మొదటి గొడవ జరిగాక, వాళ్లే మాట్లాడడానికి సిద్ధంగా ఉంటారు. ఆపరేషన్ అవసరం పడని, సిటీ స్కాన్‌లో పెద్దగా ఏమీ కనిపించని పిల్లలను కూడా వదిలిపెట్టకండి. స్పృహను కొలిచే గ్లాస్గో కోమా స్కేలు మీద 13 నుంచి 15 వచ్చినంత మాత్రాన, అంటే గాయం తేలికపాటిదని తేలినంత మాత్రాన, బడిలో ఇబ్బంది ఉండదని చెప్పలేం. వాళ్లలో చాలామంది కొద్ది వారాల్లో కోలుకుంటారు, కోలుకోనివారిని పట్టుకోవడానికే ఆ రెండో నెల ఫోన్.

మూడోది పాఠాల సంగతి. అమెరికా పాఠాలను తెలుగు చేసి పెడితే సరిపోతుందని కొందరు అనుకుంటారు. ఆ పాఠాల్లో పిల్లవాడికి సొంత గది ఉంటుంది, ఆ గది సర్దుకోలేదన్నది గొడవ. మన దగ్గర గొడవ గేదెలకు నీళ్లు పెట్టలేదనో, తమ్ముడి ఫోన్ లాక్కున్నాడనో, పెదనాన్న ఎదుట ఎదురు మాట్లాడాడనో ఉంటుంది. అక్కడ నిర్ణయం అమ్మానాన్నలది. ఇక్కడ నాయనమ్మ ఒప్పుకోకపోతే ఏ నిర్ణయమూ సాగదు, కనుక ఆమెను కూడా కాల్‌లో కూర్చోబెట్టాలి. చదువురాని తల్లిదండ్రుల కోసం వెబ్‌సైట్ పాఠాలకు బదులు మూడు నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్‌లు చేయించండి, అవి కూడా పుస్తకాల తెలుగులో కాకుండా పాలమూరు మాటలో ఉండాలి. ‘సమస్యా పరిష్కార నైపుణ్యం’ అంటే ఎవరికి అర్థమవుతుంది? ‘లొల్లి అయినప్పుడు ఏం చేద్దాం’ అంటే అందరూ కూర్చుంటారు. అయిదు మెట్లను మాత్రం మార్చకండి. కథలూ పేర్లూ మాటతీరూ ఎంతైనా మార్చుకోవచ్చు, ఆ వరుస తప్పితే అది వట్టి సలహా చెప్పడం అయిపోతుంది.

మొదటిసారి నలుగురిలో ఇద్దరు మానేశారన్నారు, ఏ నెలలో మానేశారో చూశారా? అక్టోబరు నుంచి జనవరి దాకా పత్తి ఏరే రోజుల్లో పగటి సెషన్ పెడితే ఇంట్లో ఎవరూ ఉండరు. అప్పుడు సెషన్‌ను సాయంత్రానికి మార్చాలి, అంటే సైకాలజిస్టుకు ఆ రోజు ఉదయం సెలవు ఇవ్వాలి. మళ్లీ డ్యూటీ పట్టిక దగ్గరికే వచ్చాం. ఒక సెషన్ తప్పినవారిని జాబితా నుంచి తీసేయకండి, మూడుసార్లు ఫోన్ చేసిన తరువాతే తీయండి. ఫోన్ చేసే పనిని ఆశా కార్యకర్త నెత్తిన ఊరికే పెట్టకండి. ఆమె ఇప్పటికే మోస్తున్నది చాలు, పెట్టదలిస్తే దానికి డబ్బు ఇవ్వండి.

సైకాలజిస్టు శిక్షణ విషయంలో రెండు రోజుల వర్క్‌షాప్‌తో సరిపెట్టవద్దు. కుటుంబంతో కలిసి పనిచేయడమూ, తెర మీద ఒకేసారి నలుగురితో మాట్లాడడమూ వేరే విద్యలు. తొలి రెండు మూడు కుటుంబాల సెషన్లను అనుభవజ్ఞులు ఎవరైనా, కుటుంబం ఒప్పుకుంటే, కాల్‌లో కూర్చుని చూడాలి. మానసిక, నాడీ వైద్యానికి పేరున్న బెంగళూరు నిమ్హాన్స్ సంస్థలో మెదడు గాయం తరువాతి పునరావాసం మీద పనిచేసే నిపుణులున్నారు. అటువంటివారి సలహా తీసుకోవడానికి కూడా ఇదే వీడియో పనికివస్తుంది.

నియమాల మాట క్లుప్తంగా చెబుతాను. వైద్యుల కోసం 2020 మార్చి 25న వెలువడిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం మైనర్లతో సంప్రదించేటప్పుడు గుర్తింపు తెలిసిన పెద్దవారు ఒకరు తోడు ఉండాలి. మీ సైకాలజిస్టు కూడా అదే పాటించడం మంచిది. రికార్డు చేయవద్దు. ప్రతి సెషన్ మొదట్లో ‘ఇప్పుడు ఏ ఊళ్లో ఉన్నారు, దగ్గర ఎవరున్నారు’ అని అడిగి రాసుకోవాలి, ఎందుకంటే కాల్ మధ్యలో పిల్లవాడికి ఫిట్స్ వస్తే 108కి మీరు చెప్పవలసిన చిరునామా అదే. ఫలితం కొలవడానికి పెద్ద ప్రశ్నావళులతో మొదలుపెట్టనక్కరలేదు. నెలలో ఎన్ని రోజులు బడికి వెళ్లాడు, ఎన్నిసార్లు చెయ్యి చేసుకున్నాడు, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయాడు అన్న మూడు అంకెలు ఒక రిజిస్టర్‌లో ఆరు నెలల పాటు రాయండి. పది కుటుంబాల రిజిస్టర్ చేతిలో ఉంటే, ఆ గురువారం మధ్యాహ్నాన్ని ఎవరైనా లాగేసుకోబోయినప్పుడు సూపరింటెండెంట్ ముందు పెట్టడానికి మీ దగ్గర ఏదో ఒకటి ఉంటుంది.

ప్రశ్న: మా తరగతిలో తొమ్మిది చదివే అమ్మాయి దసరా సెలవుల్లో డాబా మీది నుంచి పడి తలకు దెబ్బ తగిలించుకుంది. రెండు నెలల తరువాత బడికి వచ్చింది. మూడో పీరియడ్ వచ్చేసరికి బల్ల మీద తల పెట్టి పడుకుంటుంది. లెక్కలు మొదలుపెట్టి మధ్యలో వదిలేస్తుంది. నటిస్తోందని కొందరు ఉపాధ్యాయులు అంటున్నారు. ఆమెకు వీడియోలో థెరపీ జరుగుతోందట. బడి వైపు నుంచి మేం ఏం చేయాలి?
— ఉపాధ్యాయిని, అచ్చంపేట

జవాబు: నటించాలనుకునే పిల్ల రోజూ ఒకే పీరియడ్‌కు నిద్రపోదండీ. మెదడు గాయం తరువాత వచ్చే అలసట ఒంటి అలసట వంటిది కాదు. శబ్దం, వెలుతురు, వరుసగా వచ్చే మాటలు దాన్ని పెంచుతాయి, కునుకు తీస్తే కొంత తగ్గుతుంది. రెండో పీరియడ్ తరువాత ఇరవై నిమిషాలు స్టాఫ్ రూమ్‌లోనో గ్రంథాలయంలోనో పడుకోనివ్వండి. అప్పుడు మూడో పీరియడ్‌లో ఏం జరుగుతుందో మీరే చూస్తారు. లెక్క మధ్యలో వదిలేయడం చాలావరకు తరువాతి మెట్టు గుర్తు రాకపోవడమే కాబట్టి, మెట్లు వరుసగా రాసిన చీటీ ఒకటి నోటుబుక్కు అట్టకు అంటించండి. ఒకేసారి మూడు పనులు చెప్పకుండా ఒక్కటి చెప్పి, అది అయ్యాక రెండోది చెప్పండి. ఆటల పీరియడ్‌లో మళ్లీ తలకు దెబ్బ తగిలే ఆటలకు డాక్టరు అనుమతి లేనిదే పంపకండి.

మీ మండలంలోని భవిత కేంద్రంలో ప్రత్యేక అవసరాల పిల్లలతో పనిచేసే రిసోర్స్ పర్సన్‌లు ఉంటారు. వాళ్లకు ఈ అమ్మాయి విషయం చెప్పండి. పదో తరగతి పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుల వంటి సౌకర్యాలు అవసరమవుతాయనిపిస్తే, ధ్రువపత్రాల పని నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవారి జాబితా) పంపే సమయానికి పూర్తయి ఉండాలి. తొమ్మిదిలో ఉండగానే మొదలుపెట్టడం మంచిది. థెరపీ విషయంలో మీరు చేయగలిగిన గొప్ప సహాయం ఒకటుంది: తల్లిదండ్రులూ ఆ అమ్మాయీ ఒప్పుకుంటే ఒక్క సెషన్‌లో పదిహేను నిమిషాలు మీరూ కూర్చోండి. ఇంట్లో నేర్చుకున్న అయిదు మెట్లు బడిలో ఎవరికీ తెలియకపోతే సాయంత్రానికి అన్నీ మరుగున పడతాయి. నల్లమల వైపు ఊళ్లలో సిగ్నల్ అందని ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ అమ్మాయిది అటువంటి ఇల్లయితే బడి కంప్యూటర్ గదిని సెషన్ సమయానికి ఇవ్వగలరేమో ప్రధానోపాధ్యాయులను అడగండి.

తరగతిలో ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టకండి, నోట్లో చెంచా పెట్టకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి, చుట్టూ బల్లలు జరిపి, గడియారం చూడండి. మొదటిసారి వచ్చినా, అయిదు నిమిషాలు దాటినా 108.

ప్రశ్న: ఫోన్ చూసే పిల్లలు చెడిపోతున్నారని మీరే రాస్తారు. మా మనవడికి తలగాయం అయింది, ఇప్పుడు ఫోన్‌లోనే వైద్యమంటున్నారు. ఇదేం న్యాయం?
— ఒక తాతగారు, మిర్యాలగూడ

జవాబు: మీ అనుమానం న్యాయమైనదే. వారానికి అరగంట మనిషితో మాట్లాడడానికి వాడే ఫోన్ వేరు, రాత్రి ఒంటిగంట దాకా ఆటలాడే ఫోన్ వేరు. రెండోది నిద్రను చెడగొట్టి, తలనొప్పినీ చిరాకునూ పెంచుతుంది, గాయపడిన మెదడుకు నిద్ర అన్నింటికన్నా ముఖ్యం. సెషన్ అయిపోగానే ఫోన్ మీ దగ్గరే పెట్టుకోండి. ఆ సంగతి సెషన్‌లోనే, మనవడి ముందే, థెరపిస్టుతో అనిపించండి. అప్పుడది తాత పెట్టిన ఆంక్ష కాకుండా అందరూ కలిసి ఒప్పుకున్న మాట అవుతుంది.

ప్రశ్న: మెదడు గాయానికి వికలాంగుల సర్టిఫికెట్ ఇస్తారా? మా బావమరిది కొడుకు కోసం అడుగుతున్నాను.
— సూర్యాపేట

జవాబు: 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో పేర్కొన్న 21 రకాల వైకల్యాల్లో మెదడు గాయానికి విడిగా పేరు లేదు. గాయం వల్ల మిగిలిన ఇబ్బంది ఏదో, అంటే కాలు చేయి బలహీనతో, మాట పోవడమో, బుద్ధి వైకల్యమో, చూపు తగ్గడమో, దానికింద పరీక్షించి శాతం ఇస్తారు. చాలా ప్రయోజనాలకు 40 శాతం అవసరం. శిబిరానికి వెళ్లేటప్పుడు డిశ్చార్జ్ కాగితం, స్కాన్ రిపోర్టులు తీసుకెళ్లండి. జ్ఞాపకశక్తి, ప్రవర్తన ఇబ్బందులు పైకి కనిపించవు కనుక సైకాలజిస్టు చేసిన పరీక్షల నివేదిక జతచేయకపోతే ‘బాగానే ఉన్నాడు’ అని పంపేస్తారు. వీడియో థెరపీ జరిగి ఉంటే ఆ నోట్స్ కూడా అడిగి తీసుకోండి.

ప్రశ్న: నాకు పదహారేళ్లు. స్కూటీ మీది నుంచి పడి తలకు దెబ్బ తగిలింది. వీడియోలో థెరపీ జరుగుతోంది. మాది ఒకటే గది. అమ్మ పక్కనే కూర్చుంటుంది. అమ్మ ముందు చెప్పలేని మాటలుంటే నేను ఎలా చెప్పాలి?
— జడ్చర్ల

జవాబు: బిడ్డా, ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నింటిలో నీదే చిన్నది, ఎక్కువసేపు నన్ను కూర్చోబెట్టిందీ అదే. నీకు పద్దెనిమిది నిండలేదు కనుక సెషన్‌కు పెద్దవాళ్లు తోడు ఉండాలన్నది నిజమే, అయితే తోడు ఉండడమంటే ప్రతి నిమిషమూ భుజం పక్కన కూర్చోవడం కాదు. మొదటి పది నిమిషాలు అందరూ కలిసి, తరువాత ఇరవై నిమిషాలు నువ్వు ఒక్కదానివే, చివర మళ్లీ అమ్మ వచ్చేలా సెషన్‌ను విడగొట్టవచ్చు. ఇది నువ్వు అమ్మను అడగనక్కరలేదు, థెరపిస్టునే అమ్మకు చెప్పమను. ‘ఈ వయసు పిల్లలందరికీ ఇలాగే చేస్తాం’ అని ఆమె చెబితే అమ్మ నొచ్చుకోదు. నువ్వు చెప్పిన మాటల్లో ఏవి ఇంట్లో చెబుతారు, ఏవి చెప్పరు అన్నది కూడా ముందే అడిగి తెలుసుకో. నీ ప్రాణానికి ప్రమాదం ఉన్నప్పుడు, నిన్ను ఎవరైనా హింసిస్తున్నప్పుడు పెద్దవాళ్లకు చెప్పక తప్పదు. మిగిలినవి నీకూ ఆమెకూ మధ్యనే ఉండాలి. సెషన్ లేని రోజున, నడిరాత్రి అయినా సరే, మనసు భరించలేనట్టు అనిపిస్తే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చెయ్యి, తెలుగులోనే మాట్లాడతారు.

ఒకటే గది ఉన్న ఇంట్లో చోటు ఎలా అంటావా? సాయంత్రం డాబా మీదికి వెళ్లడం, అంగన్‌వాడీ మూసేశాక టీచరమ్మను అడిగి అక్కడ కూర్చోవడం, అమ్మ పాలకేంద్రానికి వెళ్లి వచ్చే సమయానికే సెషన్ పెట్టించుకోవడం, ఈ మూడూ నా దగ్గరికి వచ్చే అమ్మాయిలు చేసినవే. చెవులకు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే థెరపిస్టు అడిగేది ఎవరికీ వినబడదు. నువ్వు అవును, కాదు అని చెబితే సరిపోయేలా ప్రశ్నలు అడగమను, లేదా జవాబు చాట్‌లో టైప్ చెయ్యి. మధ్యలో ఎవరైనా లోపలికి వస్తే చెప్పడానికి ఇద్దరూ ముందే ఒక మాట అనుకోండి. నా దగ్గర ఒక అమ్మాయి ‘మేడమ్, రేపు సైన్స్ నోట్స్ పంపిస్తా’ అనేది. ఆ మాట వినబడగానే నేను నిద్ర గురించో తలనొప్పి గురించో అడగడం మొదలుపెట్టేదాన్ని, తలుపు మళ్లీ మూసుకున్న చప్పుడు వినిపించేదాకా.